వేళ కాని వేళ కొట్టిన గంట

ఈమధ్య మా చర్చి సంఘంలోని యువజనులు ఇద్దరు భవానీపురంలో మా ఇంటికి వచ్చారు. మైలవరం దగ్గర ఏదో తోటలో మూడు రోజుల రిట్రీట్, అదే ప్రార్థన శిబిరం, పెట్టుకుంటున్నారట. "అంకుల్, మీరు అన్నేళ్లు రిట్రీట్ హౌస్ నడిపారు కదండీ. ఏమేం ఆధ్యాత్మిక అభ్యాసాలు పెట్టాలో ఒక లిస్టు చెప్పండి చాలు" అన్నారు. అందులో అమ్మాయి ఫోను తెరిచి, టైపు చేసుకోవడానికి వేలు సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది కూడా.

చెప్పాను. పొద్దున్నే మౌన ధ్యానం. ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ నెమ్మదిగా చదువుకోవడం. మధ్యాహ్నం దాకా ఉపవాసం. చెట్ల కింద ఒంటరిగా నడుస్తూ ప్రార్థన. ఆఖరి రోజు ఒకరి పాదాలు ఒకరు కడగడం, కలిసి భోజనం. ఆ అమ్మాయి టకటకా కొట్టేసుకుని "థాంక్యూ అంకుల్, గ్రూపులో పెట్టేస్తాం" అంది. వాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయాక నాకు మనసు కుదురుగా లేదు. లిస్టు ఇచ్చాను గానీ, అదే లిస్టు చేతిలో పెట్టుకుని నేను చేసిన నిర్వాకం చెప్పలేదు. కత్తిపీట ఇచ్చి, దానితో నా వేలు తెగిన సంగతి దాచినట్టయింది. అందుకే ఇది రాస్తున్నాను. పిల్లలూ, తీరికున్నప్పుడు చదవండి. చదవకపోయినా పరవాలేదు, నా బరువు కొంత దిగుతుంది.

మా రిట్రీట్ హౌస్ ఊరికి దూరంగా మామిడితోటల మధ్య ఉండేది. ఒక పెంకుల హాలు, వరసగా గదులు, చేతిపంపు, వంటిల్లు, అంతే. నేను అక్కడ వార్డెన్‌ని. గదులు చూపించడం, చాపలూ దుప్పట్లూ ఇవ్వడం, టైంటేబుల్ రాసి గోడకి అంటించడం, గంట కొట్టడం నా పని. గంటంటే నిజం గంట కాదు. వేపకొమ్మకి ఇనప తీగతో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దాన్ని కొట్టే కడ్డీని నేను ఎవరి చేతికీ ఇచ్చేవాణ్ణి కాదు. జ్వరం వచ్చినా దుప్పటి కప్పుకుని వెళ్లి నేనే కొట్టేవాణ్ణి. ఒక్క నిమిషం ముందు గానీ, ఒక్క నిమిషం వెనక గానీ కొట్టిన పాపాన పోలేదు. వెనకాల అందరూ నన్ను గంట మాస్టారు అంటారని తెలుసు. కోపం వచ్చినట్టు కనిపించేవాణ్ణి గానీ, లోపల గర్వంగానే ఉండేది.

మౌనం మాత్రం అక్కడ మొదట్లో లేదు. అది నేను తెచ్చిందే. మనవాళ్లకి ప్రార్థనంటే గొంతెత్తి, అందరూ ఒక్కసారిగా, ఎవరి మొర వాళ్లు పెట్టుకోవడమే కదా. నన్ను ఒకసారి బెంగుళూరులో వారం రోజుల శిక్షణకి పంపారు. అక్కడ మనుషులు భోజనాల దగ్గర కూడా పెదవి విప్పకుండా కూర్చోవడం చూసి నేను దాసోహం అయిపోయాను. తిరిగి రాగానే మా దగ్గరా పెట్టేశాను. మొదటి రోజు సాయంకాల ప్రార్థన దగ్గర్నుంచి ఆఖరి రోజు మధ్యాహ్నం దాకా మాట లేదు. పాట కూడా మనసులోనే పాడుకోవాలి. ఫోన్లన్నీ గేటు దగ్గర ఒక వెదురు బుట్టలో వేయించుకునేవాణ్ణి. ఎవరైనా నోరు తెరిస్తే నేను వేలు పెదవి మీద పెట్టుకుని "ష్" అనేవాణ్ణి. ఆ "ష్" నా రెండో గంట.

ఈ పద్ధతికి ఎదురు చెప్పిన మనిషి ఒక్కరే, మా వంటావిడ. ఆవిడ మన సంఘస్థురాలు కాదు. శనివారాలు ఒంటిపూట ఉంటుంది, వెంకన్న భక్తురాలు. మా ఉపవాసాలంటే ఆవిడకి గౌరవమే. మౌనమే మింగుడుపడేది కాదు.

"నోరు మూసుకుని కూకుంటే మనకేం కావాలో దేవుడికెట్టా తెలుస్తదండీ?" అని అడిగేది.

"ఆయనకి మనం అడక్కముందే తెలుసమ్మా" అనేవాణ్ణి, బెంగుళూరు చిరునవ్వొకటి నవ్వి.

"ఆయనకి తెలుసు, సరే. పక్కనున్న మనిషికి?"

పప్పు మాడుతోందేమో చూడమని మాట మార్చేసేవాణ్ణి.

ఒక ఏడు శ్రమకాలంలో, అంటే ఈస్టరుకి ముందు ఉపవాస దినాల్లో, ఒక స్త్రీల సమాజం వచ్చింది. కూచిపూడి దాటి ఇంకా కిందికి, కాలవ శివారులో ఉన్న ఊరు వాళ్లది. ముప్పై మంది దాకా ఆడవాళ్లు, వాళ్లతో వాళ్ల పాస్టరు గారు. ఎక్కువమంది కూలికి వెళ్లేవాళ్లే. మినుము తీత అయిపోయి చేతులు ఖాళీ అయిన రోజులు. వ్యాను దిగి, చెప్పులు వరసగా విడిచి, మామిడిపూత వాసన పీలుస్తూ కొత్త పెళ్లివారిలా చూస్తున్నారు. అందులో ఒకావిడ తిన్నగా నా దగ్గరకొచ్చింది. అరవై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, నిటారుగా ఉంది. గొంతు మాత్రం బొంగురు.

"వార్డెన్ గారండీ, మాట్టాడుకోటానికి ఏదన్నా టయం ఉంటదాండీ?"

"అమ్మా, ఇక్కడికొచ్చింది దేవుడితో ఉండడానికి. మాటలు ఇంటి దగ్గర ఎప్పుడూ ఉండేవేగా. ఆఖరి రోజు మధ్యాహ్నం గంట కొట్టాక కావలసినంత మాట్లాడుకోండి."

"ఆఖరి రోజా" అందావిడ. గోడ మీది టైంటేబుల్ వైపు కాసేపు చూసింది. ఆవిడకి చదువు రాదని అప్పుడు నాకు తెలియదు. ఆ గొంతు గురించి కూడా నేను ఏమీ అనుకోలేదు. ప్రార్థనల్లో పాడి పాడి పోయి ఉంటుందనుకున్నాను.

రెండో రోజు పొద్దున చేతిపంపు దగ్గర ఆవిడ ఇంకొకావిడ వెనక నిలబడి ఉంది. ఆ రెండో ఆవిడకి యాభై ఉంటాయి, గుండ్రటి మొహం. పెద్దావిడ ఏదో అనబోవడం, నేను అటుగా వెళ్తూ "ష్" అనడం ఒక్కసారే జరిగాయి. చిన్నావిడ బిందె నిండకుండానే తీసుకుని వెళ్లిపోయింది. సాయంత్రం ప్రార్థన నడక వేళ మళ్లీ తోటలో వాళ్లిద్దరే కనిపించారు. పెద్దావిడ ఎదురెళ్లి దారికి అడ్డంగా నిలబడింది. "ఏమే" అంది. అంత వరకే. నేను చెట్టు చాటునుంచి వచ్చి వేలు పెదవి మీద పెట్టాను. చిన్నావిడ పక్కనుంచి చక్కా వెళ్లిపోయింది. పెద్దావిడ నా వైపు చూసింది. అందులో కోపం లేదు. బస్సు కదిలిపోయాక స్టాండులోకి వచ్చినవాళ్లు చూస్తారే, అలా చూసింది. నేను మాత్రం నా డ్యూటీ నేను చేశానన్న తృప్తితో వెళ్లి గంట కొట్టాను.

ఆ రెండు చిన్న తప్పుల్ని పక్కన పెడితే, ఆ ఇద్దరి మౌనం నాకు తెగ నచ్చింది. మిగతావాళ్లు ఒకరినొకరు చూసి కళ్లతో నవ్వుకునేవారు, చేతులతో సైగలు చేసుకునేవారు. వీళ్లిద్దరూ భోజనాల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నా సైగ కూడా ఉండేది కాదు. అక్కడ మాట్లాడే హక్కు నాకూ పాస్టరు గారికీ ఉండేది కదా, ఆ హక్కు వాడుకుని మూడో రోజు ఉదయం ప్రార్థనలో లేచి నిలబడ్డాను. వాళ్లిద్దరినీ చూపించి, "మౌనం అంటే ఏమిటో ఈ ఇద్దరు తల్లుల దగ్గర నేర్చుకోండి. మూడు రోజులుగా చూస్తున్నాను. ఇంత పక్కపక్కనే ఉండి కూడా ఒకరితో ఒకరు ఒక్క మాట లేదు, ఒక్క సైగ లేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇలాంటి క్రమశిక్షణ నేను చూడలేదు" అన్నాను.

హాలు ఒక్కసారిగా పగలబడి నవ్వింది. కొంగులు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు. ఒకావిడ చాప మీద పక్కకి ఒరిగిపోయింది. పాస్టరు గారు నేల చూపులు చూస్తున్నారు. చిన్నావిడ మొహం కందగడ్డ అయింది. పెద్దావిడ మాత్రం నవ్వలేదు, తలొంచుకోలేదు. నన్నే చూస్తోంది.

ఏమీ అర్థంకాక వంటింట్లోకి వెళ్లాను. వంటావిడ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"ఆళ్లిద్దరూ తోడికోడళ్లండీ బాబూ. పదకొండేళ్లనుంచి మాటల్లేవు ఆళ్లకి. మూడ్రోజులంట, మూడ్రోజులు!"

"నీకెవరు చెప్పారు?"

"కూరలు తరగటానికి నలుగురొస్తన్నారుగా. మీ మౌనం ఈ గుమ్మం దాకానే అండీ."

గొడవంతా పాట గురించేనని కూడా ఆవిడే చెప్పింది. గుళ్లో, అంటే వాళ్ల ఊరి చర్చిలో, పాట ఎవరు ఎత్తాలి అన్నదాని మీద మొదలైందట. బయటికొచ్చి వేపచెట్టు కింద అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి పెద్దావిడ వచ్చి ఎదురుగా నిలబడింది. నేను "ష్" అనలేదు. అనే మొహం నాకు లేదు.

"మీరు తిట్టినా సరే, చెప్పేసి పోతానండి" అంది. "నాకు గొంతులో పుండండి. రేపు ఇక్కడ్నించి అటే బెజవాడ ఆసుపత్రిలో చేరాలి. ఎల్లుండి ఆపరేషను. మాటొచ్చే పెట్టె తీసేస్తారంట. తీసేత్తే బతుకుతాను గానీ, ఇంక మాటుండదన్నారు. మా ఆయనకి తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు మీకు."

నేను లేచి నిలబడ్డాను. ఆవిడ ఆగకుండా చెప్పుకుపోయింది. వాళ్ల అత్తగారు అక్షరం ముక్క రాని మనిషి. నాట్లేసే రోజుల్లో తనే ఒక పాట కట్టుకుంది. పల్లవి, అయిదు చరణాలు. ఏటా కోత పండుగనాడు మొదటి వరి మోపు గుళ్లోకి తెచ్చేటప్పుడు పాడాలి. పల్లవి అందరూ అందుకుంటారు, చరణాలు ఎత్తే మనిషి ఒక్కతే, అవి ఇంకెవరికీ పూర్తిగా రావు. అత్తగారు పోతూ పోతూ ఆ పాటని పెద్దకోడలి చేతుల్లో పెట్టింది. ఒక ఏడాది ఈవిడ జ్వరంతో ఆలస్యంగా వచ్చేసరికి, చిన్నకోడలు వచ్చిన కాడికి ఎత్తేసింది.

"గుమ్మంలో నిలబడి, ఆపవే అది నా పాట అన్నానండీ. సంఘం మొత్తం ముందు. తప్పు నాదే. కానీ ఎట్టా ఒప్పుకుంటాను? అప్పట్నుంచి నేను పాట ఎత్తంగానే అది లేచి బయటికి పోద్ది. ఒక్క చరణం కూడా చెవినేసుకోలా. దానికున్న గొంతు మా ఊళ్లో ఎవరికీ లేదండి. ఇంట్లో అడుగుదామంటే మా మొగోళ్లూ పిల్లలూ చుట్టూ ఉంటారు. ఇక్కడైతే మూడ్రోజులు ఒక్కచోట ఉంటాం, ఎక్కడికీ పోలేదు, పట్టుకుని నేర్పిచ్చెయ్యొచ్చు అనుకుని వచ్చా. మీరేమో..."

మీరేమో అని ఆపేసింది. నాకు అంతకంటే పెద్ద తిట్టు అక్కర్లేకపోయింది. ఆ గొంతుకి మిగిలిన నాలుగు రోజుల్లో రెండు రోజులు నేనే నోరు నొక్కేశాను.

మీరందరూ ఇప్పుడు అనుకుంటున్నదే నేనూ అన్నాను. "బుట్టలోంచి ఫోను తీసిస్తానమ్మా. రికార్డు చేద్దాం."

"ఫోన్లో పాటుంటది. ఎత్తేదెవరండీ? ఫోను పాడితే జనం పల్లవి అందుకుంటారా?"

"పోనీ ఆవిణ్ణి పిలిచి సంగతి చెబుతాను."

"వద్దండి, దణ్ణం పెడతా. జబ్బని తెలిస్తే జాలిపడి వచ్చుద్ది. జాలిపడి నేర్చుకున్న పాట ఎన్నాళ్లుంటది?"

టైము పది దాటింది. గోడ మీద టైంటేబుల్లో నా ముత్యాల్లాంటి అక్షరాలతో 'రేపు మధ్యాహ్నం పన్నెండు గంటలు: మౌన విసర్జన' అని ఉంది. ఆ కాగితం వైపు ఒకసారి, ఆవిడ వైపు ఒకసారి చూశాను. కడ్డీ తీసుకున్నాను. రైలు పట్టా మీద ఎడాపెడా కొట్టాను. తోటలోని చిలకలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. గదుల్లోంచి, చెట్ల కిందనుంచి ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చారు. పాస్టరు గారు ఒక కాలికే చెప్పుతో వచ్చి "ఎక్కడండీ మంట? ఏం కాలింది?" అని కేకేశారు.

"ఏమీ కాలలేదండి. మౌనం అయిపోయింది. అందరూ మాట్లాడుకోండి. పాటలు కూడా పాడుకోండి" అన్నాను.

ఆయన వాచీ చూసుకుని, నా మొహం చూసి, రెండో చెప్పు కోసం వెనక్కి వెళ్లారు. ముప్పై మంది ఆడవాళ్లు రెండు రోజులు బిగబట్టిన మాటలన్నీ ఒక్క నిమిషంలో బయటపెట్టారు. ఆ సందడిలో పెద్దావిడ నడుచుకుంటూ వెళ్లి చిన్నావిడ చెయ్యి పట్టుకుని తోటలోకి లాక్కుపోవడం నేను చూశాను.

ఇక్కడ కన్నీళ్లూ కౌగిలింతలూ ఉంటాయనుకుంటే మీరు మనవాళ్లని ఎరగరన్నమాట. ఆ పూటంతా వాళ్లు పోట్లాడుకున్నారు. ఆ బొంగురు గొంతు, ఈ కంచు గొంతు తోటంతా మోగిపోయాయి. పదకొండేళ్ల నాటి జ్వరం, ఎవరో పెళ్లిలో వడ్డించని గారెలు, పిలవని పేరంటం అన్నీ బయటికొచ్చాయి. అరుగు మీద కూర్చుని నేను, ఉన్న కాస్త గొంతునీ ఈ తిట్లకే అరగదీసేస్తోంది మహాతల్లి, ఎందుకు కొట్టానురా ఈ గంట అని తల పట్టుకున్నాను. వంటావిడ మజ్జిగ తెచ్చిచ్చి "కక్కనీండి. కడుపు ఖాళీ అయితేగానీ అన్నం దిగదు" అంది.

ఎండ వాలుతుండగా కేకలు ఆగాయి. తోట అంతా సద్దుమణిగింది. కాసేపటికి బొంగురుగా ఒక వరస వినిపించింది. దాని వెంట అదే వరస, బావిలోంచి తోడిన నీళ్లలా తేటగా. మళ్లీ బొంగురు, మళ్లీ తేట. నా చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఏడ్చాను. ఎందుకు దాచాలి?

మర్నాడు పాదాలు కడిగేటప్పుడు ఆ ఇద్దరూ ఎదురెదురుగానే కూర్చున్నారు. చిన్నావిడ పెద్దావిడ పాదాలు తుడుస్తూ "కాళ్లేంటక్కా ఇట్టా చీరుకుపోయినయ్యి" అని మందలించడం విన్నాను. ఆ పాటికి జబ్బు సంగతి చెప్పేసిందని ఆవిడ కళ్లు చూస్తే తెలిసింది. భోజనాలయ్యాక సమాజమంతా ఊరి వ్యాను ఎక్కింది. చిన్నావిడ మాత్రం ఎక్కలేదు. అక్కని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి వచ్చిన ఆటోలో పక్కన కూర్చుంది. ఎక్కబోతూ పెద్దావిడ నాతో ఏదో చెప్పాలని చూసింది. గొంతు పెగల్లేదు. నాలుగు వేళ్లు చూపించింది. నాలుగు చరణాలు అయ్యాయని అర్థమైంది. అయిదోదానికి గొంతు మిగల్లేదన్నమాట. ఆటో వెళ్లిపోయాక చాలాసేపు ఆ రెండు రోజుల్నే తలుచుకుంటూ ఉన్నాను. నా రెండు "ష్"లు లేకపోతే అయిదోది కూడా అయిపోయి ఉండేది.

గంట ముందెందుకు కొట్టారో వివరణ ఇవ్వమని కమిటీ నుంచి కాగితం వచ్చింది. 'గడియారం చూసుకోవడంలో పొరపాటు' అని రాసి సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో రాతపూర్వకంగా నేనాడిన అబద్ధం అదొక్కటే. దానికి పశ్చాత్తాపం లేదు.

ఆ ఏడు సార్వా వరి కోతలయ్యాక ఆ ఊరి పాస్టరు గారు ఫోను చేసి కోత పండుగకి రమ్మన్నారు. బస్సులో కూచిపూడి దాకా వెళ్లి, అక్కడ్నించి ఆటోలో కాలవ గట్టు పట్టుకుని వెళ్లాను. గుడి ముందు వరి కంకులతో తోరణం కట్టారు. పెద్దావిడ మెడకి తెల్లటి నూలు గుడ్డ చుట్టుకుని, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను చూసి నిండుగా నవ్వింది. పెదవులు కదిపింది. చిన్నావిడ వెంటనే అందుకుంది.

"మీ గంట ఇంకా ఆ టయానికే కొడతన్నారా అని అడుగుతోందండి మా అక్క."

"ఇప్పుడు రోజూ ఒక గంటసేపు మాటలకి వదిలేస్తున్నానని చెప్పమ్మా" అన్నాను. నిజమే. టైంటేబుల్లో అది చేర్చాను. నేను రిటైరయ్యేదాకా అది అలాగే ఉంది.

చిన్నావిణ్ణి పక్కకి పిలిచి, ఇన్నాళ్లుగా నన్ను తొలుస్తున్నది అడిగాను. "అయిదో చరణం పోయినట్టేనా అమ్మా?"

"పోలేదండి. ఆసుపత్రిలో ఆ రాత్రి గుసగుసగానైనా చెప్పేస్తానందండి మా అక్క. నేనే వద్దన్నా."

"వద్దన్నావా? ఎందుకమ్మా?"

"అయిదూ నాకొచ్చేస్తే ఇంక దాని మొకం చూసే పనేముందండి నాకు? నా పాటికి నేను పాడుకుపోతా. ఒకటి దాని దగ్గరే ఉండాలన్నా" అంది. కొంగుతో మొహం తుడుచుకుని, మోపు వస్తోందని లోపలికి వెళ్లిపోయింది.

మొదటి మోపు గుమ్మంలోకి వచ్చింది. చిన్నావిడ పాట ఎత్తింది. గుడి మొత్తం పల్లవి అందుకుంది. విత్తనం చరణం, నారు చరణం, నాట్ల చరణం, కోత చరణం అన్నీ అయ్యాయి. అప్పుడు చిన్నావిడ జనానికి వీపు తిప్పి అక్క ఎదురుగా వెళ్లి నిలబడింది. అందరూ ఎదురుచూస్తున్నారు. అయిదోది శివారు చేను చరణమని, అందరికీ అయ్యాక ఆఖరున నీళ్లందే చేను గురించని పాస్టరు గారు నా చెవిలో చెప్పారు. నాకు ఉండబట్టలేక "అంటే ఆవిడ పెదవులు చూసి..." అని ఆయనతో పైకే అనేశాను.

పెద్దావిడ తల తిప్పి నా వైపు చూసింది. వేలు పెదవి మీద పెట్టుకుంది.

నేను నోరు మూసుకున్నాను. ఆవిడ పెదవులు కదలడం మొదలైంది. చిన్నావిడ ఆ పెదవుల మీంచి చూపు తిప్పకుండా, ఒక్కో మాటే అందుకుని పాడింది.